ఊళ్ళో ఎవరికీ కనబడని గారపళ్ళు అమీర్‌పేటలో అందరికీ ఎందుకు కనబడుతున్నాయి?

మునుగోడు బిడ్డ (ప్రశ్న అడిగినవారు):

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక చిన్న పల్లె. నా వయసు 24. డిగ్రీ పూర్తిచేసి, ఏడు నెలలుగా అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. అడగబోయేది నా పళ్ళ గురించే అయినా, అది నా పళ్ళతోనే ఆగిపోయే విషయం కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మా మండలం పేరు చెబితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది బోరునీళ్ళలో ఉండి ఎముకలనూ పళ్ళనూ పాడుచేసే ఫ్లోరైడే. నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో అందరం బోరునీళ్ళే తాగాం. నడుము వంగిపోయినవాళ్ళను, మోకాళ్ళు ముడుచుకుపోయి మంచానికే అంటుకుపోయినవాళ్ళను చూస్తూ పెరిగిన మాకు పళ్ళమీది గోధుమరంగు చారలు ఒక బాధగా ఏనాడూ తోచలేదు. నా తరగతిలో సగానికి పైగా పిల్లలకు అవే చారలు. మా నాయనకు, ఇద్దరు మేనత్తలకు, బడిలో గంట కొట్టే తాతకు కూడా అంతే. ఊళ్ళో నన్ను గురించి చెప్పాల్సివస్తే ఫలానా ఇంటి చిన్నోడు అనో, మోటార్లు బాగుచేసే పిలగాడు అనో చెప్పేవారు తప్ప, గారపళ్ళోడు అన్నవారు ఒక్కరూ లేరు.

రెండు నెలల కిందట మా శిక్షణ సంస్థలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు జరిపి, వాటిని వీడియో తీసి తరగతిలో పెద్ద తెరమీద వేశారు. నా వంతు వచ్చినప్పుడు మా శిక్షకుడు వీడియోను ఒకచోట ఆపి, "నవ్వొచ్చిన ప్రతిసారీ నీ ఎడమచేయి నోటి దగ్గరికి పోతోంది, చూసుకో" అన్నారు. నేను చూసుకున్నాను. నాలుగు నిమిషాల వీడియోలో నా చేయి ఆరుసార్లు నోటికి అడ్డంగా వెళ్ళింది. అలా చేస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, అంతకు ఏడాది ముందు జరిగిన మా అక్క పెళ్ళి వీడియో తీసి చూశాను. అందులో బంతిలో వడ్డిస్తూ, ఎవరో ఏదో అంటే తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. చేతిలో సాంబారు బకెట్టు ఉంది కాబట్టి అడ్డం పెట్టుకోలేదేమో అనుకుని మిగతా వీడియో అంతా చూశాను. బకెట్టు లేనిచోట కూడా చేయి కిందనే ఉంది.

అంటే ఈ అలవాటు నాకు ఈ కొద్ది నెలల్లోనే, ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. నన్ను ఎవరూ మొహంమీద వెక్కిరించలేదు. హాస్టల్ మిత్రులు మంచివాళ్ళు. మరి ఇదెక్కడి నుంచి వచ్చింది? మా ఇంట్లో దువ్వెనతోపాటు గోడకు వేలాడే అరచేతంత అద్దం ఒక్కటే ఉండేది, అదీ పాపిడి తీసుకునేంతవరకే. ఇక్కడ లిఫ్టులో నిలువుటద్దం, సంస్థ గుమ్మంలో అద్దం, రాత్రిపూట రాయదుర్గం వైపు నుంచి మెట్రోలో వస్తుంటే తలుపు గాజులో నా ముఖమే, చేతిలో ఫోను ఎత్తితే మళ్ళీ నా ముఖమే. పట్నంలో మనుషులు నిజంగానే రూపాన్ని ఎక్కువగా చూస్తారా, లేక చూస్తున్నారని మనకు మనమే అనుకుంటామా? పళ్ళు బాగుచేయించుకోవడానికి అప్పు చేయడం సబబేనా? మా అమ్మతో అంటే "పండ్లు జూసి నౌకరిస్తరా బిడ్డా?" అంటోంది. ఇస్తారో ఇవ్వరో నాకు నిజంగా తెలియడం లేదు.

పాలమూరు పంతులమ్మ:

బాబూ, నీ ప్రశ్న చదివాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ముప్పైయొక్క సంవత్సరాలు ప్రభుత్వ బడుల్లో పనిచేసి, ఇప్పుడు మల్కాజిగిరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నీ బాధ నాకు అర్థమైంది. కానీ పల్లె రూపాన్ని పట్టించుకోదనే మాట మాత్రం నేను ఒప్పుకోలేను. పల్లె చాలా పట్టించుకుంటుంది. అయితే అది చూసేది వేరే.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో అంగన్‌వాడీలో ఒకామె ఉండేది. ఇరవయ్యారేళ్ళకే భర్త పోయాడు. నెలకోసారి పనిమీద ఇద్దరం కలిసి బస్సులో హైదరాబాదు వచ్చేవాళ్ళం. బస్సు షాద్‌నగర్ దాటగానే ఆమె చేతిసంచిలోంచి చిన్న పౌడరు డబ్బా తీసి, దాని మూత లోపలి అద్దానికి అంటించి ఉన్న మెరూన్ రంగు స్టిక్కరు బొట్టును గోటితో ఊడదీసి నుదుట పెట్టుకునేది. తిరుగు ప్రయాణంలో షాద్‌నగర్ రాకముందే దాన్ని తీసి మళ్ళీ అద్దానికి అంటించేది. జిగురు పోయేదాకా ఒకే బొట్టును నెలల తరబడి అలా వాడేది. మొదటిసారి నేను చూశానని తెలిసి తల దించుకుంది. రెండోసారి నుంచి వంకర లేకుండా ఉందా అని నన్నే అడిగేది. ఆమె ఊళ్ళో ఆ బొట్టు పెట్టుకుని ఒక్క వీధి దాటినా, ఆ మాట సాయంత్రానికి అత్తవారి ఊరికి చేరేది. ఇక్కడ అఫ్జల్‌గంజ్‌లో దిగి వేలమంది మధ్య నడిచినా అడిగినవాళ్ళు లేరు.

మా నాయన తరంలో అయితే కొన్ని కులాలవాళ్ళు దొర గడి, అంటే ఆయన కోటలాంటి ఇంటి ముందుకు వచ్చేసరికి చెప్పులు విడిచి చేతపట్టుకుని, తలపాగా తీసి నడవాల్సివచ్చేది. ఉతికిన తెల్లబట్ట కట్టుకున్నందుకు "ఏందిరా, పట్నమోనివైనవా?" అని నిలదీసిన రోజులను మా నాయన చెప్పేవాడు. మనిషి ఒంటిమీద ఏముండాలో, ఏముండకూడదో ఊరు నిర్ణయించింది. వాడు ఎవరి బిడ్డ, ఏ కులం, పెళ్ళయిందా లేదా, మగడున్నాడా పోయాడా అన్నవి చూడగానే తెలియాలి. ఆ హద్దులోపల ఉన్నంతవరకు పళ్ళు ఎలా ఉన్నా, ముఖాన మచ్చలున్నా, కాలు కుంటిదైనా ఊరికి లెక్కలేదు, ఎందుకంటే నిన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగుదురు కనుక. పట్నానికి నీ పుట్టుక తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. అందుకే అది ముఖం చూసి, చొక్కా చూసి, చెప్పులు చూసి ఒక అంచనాకు వస్తుంది. ఆ అంచనాకు భయపడి నీ చేయి పైకి లేస్తోంది. అదే పట్నంలో ఆ అంగన్‌వాడీ అమ్మాయి చేయి బొట్టు పెట్టుకోవడానికి లేచింది. ఈ రెండింటినీ కలిపి చూడమని నా మనవి.

లాల్‌దర్వాజా నివాసి:

టీచరమ్మ గారి మాటకు చిన్న చేర్పు. పట్నమంటే అంతా ఒకటి కాదు. మేము నాలుగు తరాలుగా పాతబస్తీలో ఉంటున్నాం. మా గల్లీలో నేను లుంగీమీద, గడ్డం మాసిపోయి, పాలప్యాకెట్టు కోసం బయటికి వస్తే ఎవరూ తల తిప్పి చూడరు. అలా రాకపోతేనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. మా నాన్న ముఖంమీద పెద్ద కాలిన మచ్చ ఉండేది. ఆషాఢంలో బోనాల రోజున ఘటం ముందు నడిచేవాళ్ళలో ఆయన ఎప్పుడూ ముందుండేవారు, ఆ మచ్చ గురించి ఎవరూ అడగగా నేను వినలేదు. అదే మనిషి నన్ను కాలేజీలో చేర్పించడానికి మూసీ దాటి వచ్చినప్పుడు భుజంమీది తువ్వాలును ముఖానికి ఒకపక్కగా కప్పుకున్నారు. నేను చిన్నవాణ్ణి, ఎండకనుకున్నాను. మీ ప్రశ్న చదివాక అది ఎండకు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

నాంపల్లి దంతవైద్యురాలు:

మునుగోడు సోదరా, వైద్యపరంగా కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మీ పళ్ళమీద ఉన్నది నిజానికి గార కాదు. గార అంటే పైన పేరుకునేది, గీకితే పోతుంది. మీకున్నది డెంటల్ ఫ్లోరోసిస్. శాశ్వత దంతాల ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, చిగుళ్ళ లోపల తయారయ్యే కాలంలో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళు వచ్చేవరకు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగితే ఆ ఎనామిల్ సరిగా గట్టిపడదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మీ ప్రాంతపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి వైద్య, ఇంజనీరింగ్ పుస్తకాల్లో నల్గొండ పద్ధతి అనే పేరే స్థిరపడిపోయిందంటే మీ జిల్లా ఎంత అనుభవించిందో తెలుస్తుంది. మీరు పళ్ళు సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదిది. ఈ మాటను ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పవచ్చు.

మరకలు ఎనామిల్‌లోనే ఉంటాయి కాబట్టి బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు, నిమ్మరసంతో రుద్దితే పోవు. ఉన్న ఎనామిల్ అరిగిపోయి పళ్ళు జివ్వుమంటాయి. హాస్టళ్ళలో ఉండే పిల్లలు ఫోనులో చూసి ఈ పని చేసి నా దగ్గరకు వస్తున్నారు. దయచేసి చేయకండి. మరకలు పైపైనే ఉంటే మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతిలో పలుచని ఆమ్లం కలిపిన ముద్దతో పైపొరను అతి స్వల్పంగా తొలగిస్తారు. అవసరమైతే దాని తర్వాత బ్లీచింగ్ చేసి రంగు తేడాను తగ్గిస్తారు. మరకలు లోతుగా ఉంటే, లేదా గుంటలు పడి ఉంటే, పంటి రంగులోనే ఉండే కాంపోజిట్ పూత వేస్తారు. దానిని కొన్నేళ్ళకోసారి సరిచేయించుకోవాలి. పింగాణీ వెనీర్లు, అంటే పంటి ముందువైపు అతికించే పలుచని పెంకులు, ఖరీదైనవి, పైగా వాటికోసం పంటిని అరగదీయాల్సివస్తుంది, అరగదీసింది మళ్ళీ రాదు. 24 ఏళ్ళ వయసులో, అదీ అప్పు చేసి, నేరుగా వెనీర్లకు వెళ్ళవద్దని నా సలహా. ముందుగా అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకోండి.

ఇంకొక మాట. నా దగ్గరకు జిల్లాల నుంచి వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా అమ్మాయిని పెళ్ళిచూపులకు ముందు తీసుకువస్తారు. అబ్బాయిని తీసుకువచ్చినవాళ్ళు చాలా తక్కువ. పట్నంలో పెరిగిన పిల్లలైతే ఆడామగా తేడా లేకుండా వాళ్ళంతట వాళ్ళే వస్తారు, ఫోనులో తమ ఫోటోను పెద్దదిచేసి చూపిస్తూ ఎదురుగా నిలబడితే కంటికి ఆనని వంకరను సరిచేయమంటారు. అలాంటివాళ్ళలో చాలామందిని ఏమీ చేయకుండానే తిప్పి పంపించాను.

కూకట్‌పల్లి మందుల దుకాణం:

పళ్ళ సంగతి డాక్టరమ్మ గారు చెప్పారు. నేను చర్మం సంగతి చెబుతాను, ఎందుకంటే హాస్టల్లో ఉండే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దాదాపు రోజూ నా దుకాణానికి వస్తారు. ఊరి నుంచి వచ్చిన మూడో నెలకో నాలుగో నెలకో, గది మిత్రుడు వాడిన ట్యూబు తెచ్చి ఇదే కావాలంటారు. చూస్తే అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. పూసిన పది రోజులకు ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి ఎర్రటి సన్నని నరాలు బయటపడతాయి, మొటిమలు వస్తాయి, ఆడపిల్లలకు గడ్డం దగ్గర వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మండుతుంది, అందుకని మళ్ళీ పూస్తారు.

అయితే ఈ తెలుపు మోజును పట్నం ఒక్కటే నేర్పిందనడం న్యాయం కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది, 2020లో దాని పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చారు. ఆ మధ్యకాలంలో మా ఊరి కిరాణాకొట్టులో షాంపూ ప్యాకెట్ల పక్కన దాని చిన్న ప్యాకెట్లు తోరణంలా వేలాడటం నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాను. పిల్ల చామనచాయ అనగానే కట్నం లెక్క మారేది పల్లెలోనే. తేడా ఒక్కటే. అక్కడ ఆడపిల్లకు ఆ బాధ పెళ్ళిచూపుల దాకా ఉండేది, ఇక్కడ మగపిల్లవాడికి కూడా ప్రతి ఉదయం లిఫ్టులో ఉంటోంది.

మాదాపూర్ బాటసారి:

మీ అమ్మగారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన స్థానంలో ఉన్నాను కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళుగా కొత్తవాళ్ళను ఇంటర్వ్యూ చేసే బృందంలో ఉన్నాను. టెస్టింగ్ ఉద్యోగానికి పళ్ళతో సంబంధం లేదు, మేము నింపే పత్రంలో అలాంటి గడి కూడా లేదు. కానీ భావవ్యక్తీకరణ అనే గడి ఉంది. నాలుగేళ్ళ కిందట ఒక అమ్మాయి ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు చెప్పింది, అయితే పెదవులు దాదాపు కదపకుండా, తల వంచుకుని చెప్పింది. నేను ఆ గడిలో తక్కువ మార్కులు వేశాను. ఎంపిక కాలేదు. ఆమె బయోడేటాలో ఉన్న ఊరు మీ పక్క మండలమేనని మీ ప్రశ్న చదివాక వెతికితే తెలిసింది. ఆమె కూడా అందుకే అలా మాట్లాడిందో, సహజంగానే బిడియస్తురాలో నాకు ఇప్పుడు తెలిసే దారి లేదు. నేనైతే ఆనాడు ఆలోచించనే లేదు.

కనుక బాబూ, పళ్ళు చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం జరగకపోవచ్చు. చేయి అడ్డుపెట్టుకున్నప్పుడు మాట సగం వినబడక పోవడం మాత్రం జరుగుతుంది, దాన్ని మాలాంటివాళ్ళం జవాబు తెలియకపోవడంగా లెక్కవేసే ప్రమాదమూ ఉంది. ఇది మా లోపమని ఒప్పుకుంటున్నాను. మా బృందంలో ఈ విషయం వచ్చే వారం మాట్లాడబోతున్నాను. మీరు ఎప్పుడైనా మాదాపూర్ వైపు వస్తే ఒక సాయంత్రం కూర్చుని సాధన చేయిద్దాం, కెమెరా లేకుండా.

మునుగోడు బిడ్డ:

టీచరమ్మ గారికి, డాక్టరమ్మ గారికి, అన్నలకు పేరుపేరునా నమస్కారాలు. ఎనిమిదేళ్ళ లోపు వయసు గురించి డాక్టరమ్మ గారు రాసింది చదువుతుంటే, నేను ప్రశ్నలో రాయడం మరిచిన ఒక సంగతి గుర్తొచ్చింది. మరిచానో, కావాలని వదిలేశానో కూడా చెప్పలేను.

మా పెద్దక్క కూతురికి ఏడేళ్ళు. అది పుట్టేనాటికే మా ఇంటికి కుళాయిలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలైంది 2016లో. దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు, బతుకమ్మ కోసం గునుగుపూల కాడలు సమానంగా తుంచుతూ నా ఎదురుగా కూర్చుంది. పాలపళ్ళు ఊడి, ముందు రెండు కొత్తపళ్ళు సగం దాకా వచ్చాయి. ఒక్క చార లేదు, తెల్లగా మెరుస్తున్నాయి. నా ముఖంలోకి చూసి, "మామా, నీ పండ్లు గిట్లెందుకున్నయి?" అని అడిగింది. పక్కనే ఉన్న మా నాయన నవ్వబోయి పెదవులు మూసుకున్నాడు. మా ఊళ్ళో, మా ఇంట్లో, ఆ ప్రశ్న విన్నది అదే మొదటిసారి. నేను అమీర్‌పేటకు రావడం ఒక్కటే కారణమనుకున్నాను, కానీ ఊరే మారిపోతోంది. మా బడిలో ఇప్పటి పిల్లలందరికీ దాని పళ్ళలాంటి పళ్ళే వస్తాయి, ఇంకో ఇరవై ఏళ్ళకు అక్కడ కూడా మా తరం వాళ్ళం విడిగా కనబడతాం.

దానికి ఆ రోజు జవాబు చెప్పలేదు. నిన్న రాత్రి ఫోను చేసి, నా చిన్నప్పటి బోరు గురించి, తాతతో మేము తాగిన నీళ్ళ గురించి చెప్పాను. వీడియోకాల్‌లోనే చెప్పాను. అప్పు చేయడం మాత్రం మానుకున్నాను. సోమవారం ఉదయం అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి వెళ్తున్నాను. మాదాపూర్ అన్నా, బుధవారం సాయంత్రం ఆరు తర్వాత నాకు తరగతులు లేవు, మీకు వీలైతే ఎక్కడికి రమ్మంటారో చెప్పండి.